విదేశాల్లో చదివి ఇంటికి వచ్చినవాళ్ళు



చివరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం మన హాస్టల్ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ట్రంకు పెట్టెలు వరండాలోకి వస్తాయి. ఎవరి పళ్ళెం, ఎవరి బక్కెట్టు వాళ్ళు వెతుక్కుంటారు. నిన్నటిదాకా సబ్బు ముక్క కోసం కొట్టుకున్నవాళ్ళు ఇవాళ ఒకరి చొక్కా ఒకరికి ఇచ్చుకుంటారు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో మిరప కోతలు సాగుతుంటాయి. కూలి పోగొట్టుకుని తీసుకెళ్ళడానికి అమ్మానాన్నలు రాలేరు. పెట్టె ఒకడు ఒకవైపు, మనం ఒకవైపు పట్టుకుని బస్టాండు దాకా నడుస్తాం. బస్సు కదిలేటప్పుడు "ఊళ్ళో ఏం చేస్తావురా?" అని అడుగుతాడు స్నేహితుడు. ఆ ప్రశ్నకు మా బ్యాచ్‌లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

వార్షికోత్సవ సంచికకు విదేశీ చదువుల మీద వ్యాసం రాయమని మమ్మల్ని అడిగారు. మేము విమానం ఎక్కలేదు. మా ఇళ్ళలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనుషులం మేమే. విదేశాలకు ఎలా వెళ్ళాలో చెప్పడానికి కోచింగ్ సెంటర్లు ఉన్నాయి, గోడల మీద పోస్టర్లు ఉన్నాయి. వెళ్ళి చదువుకుని తిరిగి వచ్చినవాళ్ళకు ఏం జరిగింది? అక్కడి స్నేహితులను వదిలి వచ్చాక ఆ స్నేహాలు ఏమయ్యాయి? ఇది చెప్పేవాళ్ళు తక్కువ. అందుకని మేము ఆ సంగతే తీసుకున్నాం. న్యూయార్క్ నుంచి వచ్చినా, హాస్టల్ నుంచి వచ్చినా, ఇంటికి తిరిగి రావడంలో కొన్ని చిక్కులు ఒకేలా ఉంటాయని చదువుతున్నకొద్దీ మాకు అర్థమైంది.

వెళ్ళడం కంటే రావడం ఎందుకు కష్టం?

కొత్త చోటుకు వెళ్ళేటప్పుడు మనిషి ముందే గుండె గట్టి చేసుకుంటాడు. తిండి వేరుగా ఉంటుందని, మాట అర్థం కాదని, పలకరించే దిక్కు ఉండదని అనుకునే బయలుదేరతాడు. ఇంటికి వచ్చేటప్పుడు ఆ జాగ్రత్త ఉండదు. మన ఇల్లే కదా, మన ఊరే కదా అనుకుని వస్తాడు. దెబ్బ అక్కడ తగులుతుంది.

దీనికి మూడు కారణాలు కనబడతాయి. మొదటిది, చదువుకు వెళ్ళినవాడు రోజుకు కొంచెం చొప్పున మారతాడు. ఆ మార్పు అతనికే తెలియదు. రెండవది, ఇంట్లోవాళ్ళు వెళ్ళిననాటి మనిషినే గుర్తు పెట్టుకుని ఉంటారు. వాళ్ళు ఎదురుచూసేది అతని కోసం, వచ్చేది ఇంకొకడు. ఈ రెండు ఏ కులంలో పుట్టినవాడికైనా, ఏ దేశం వాడికైనా జరిగేవే. మూడవది మాత్రం అందరికీ ఉండదు. మనం ఎంత చదివి వచ్చినా మన ఊరు మన కోసం ఒక చోటు ముందే గీత గీసి ఉంచుతుంది. ఆ గీత లోపలికే రమ్మంటుంది.

ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన మాకు మొదటి సంక్రాంతి సెలవుల్లో ఇల్లు చిన్నదైపోయినట్టు అనిపించింది. రెండు రోజులు చుట్టాల్లా చూశారు. మూడో రోజు పత్తి తీతకు వెళ్ళాం. "చదువుకునేవాడివి, ఎండలో నీకెందుకురా" అని అమ్మ అంటూనే ఉంది, మధ్యాహ్నానికి మా నడుముకు కూడా పత్తి ఒడి కట్టింది. ఒక మనిషి కూలి అంటే ఆ ఇంట్లో చిన్న మాట కాదు. అంతవరకు బాధ లేదు. చేను దగ్గర మా వయసువాడొకడు వచ్చి, వాళ్ళ తాత వయసున్న మా నాన్నను "ఒరే" అని పేరు పెట్టి పిలిచాడు. నాన్న పలికాడు. ఆ పిలుపు మేము పుట్టినప్పటినుంచీ వింటున్నదే. హాస్టల్‌కు వెళ్ళకముందు అది మా చెవికి తగల్లేదు, వెళ్ళి వచ్చాక తగిలింది. చదువు చేసే మొదటి పని ఇదే. అదివరకు వినబడనిదాన్ని వినబడేట్టు చేస్తుంది.

ఇప్పుడు ఇదే సంగతి సముద్రాలు దాటి వచ్చిన మనిషి జీవితంలో చూద్దాం.

1917: న్యూయార్క్, లండన్ నుంచి బరోడాకు

1913లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికా వెళ్ళేనాటికి ఆయన వయసు 22 ఏళ్ళు. ఈ వ్యాసం రాస్తున్న మాకంటే ఒక ఏడాది చిన్న. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తండ్రి రాంజీ చనిపోయారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్ళ స్కాలర్‌షిప్ ఇచ్చారు. దానికి ఒక షరతు ఉంది. చదువు పూర్తయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పందం రాసి ఇవ్వాలి. అంటే బయలుదేరిననాడే తిరిగి రావడం కూడా ఖాయమైపోయింది.

న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఉండడానికి మొదట హార్ట్‌లీ హాల్, తర్వాత కాస్మోపాలిటన్ క్లబ్, ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్. ఈ లివింగ్‌స్టన్ హాల్ విద్యార్థుల వసతి గృహం, మన మాటల్లో హాస్టల్. అక్కడ నవల్ భథేనా అనే పార్సీ విద్యార్థి స్నేహితుడయ్యారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. 1915లో అంబేద్కర్ ఎం.ఏ. పూర్తి చేశారు. 1916 మే నెలలో భారతదేశంలో కులాల పుట్టుక గురించి ఒక సెమినార్‌లో ప్రసిద్ధమైన వ్యాసం చదివారు. అదే ఏడాది లండన్ వెళ్ళి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను, బారిస్టర్ చదువుకు గ్రేస్ ఇన్‌లోను చేరారు.

1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. లండన్ చదువు సగంలో ఉంది. నాలుగేళ్ళలోపు తిరిగి వచ్చి పూర్తి చేసుకోవచ్చని విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి పట్టుకుని బయలుదేరారు.

అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. సామాను ఒక ఓడలో పంపి, ఆయన ఇంకొక ఓడ ఎక్కారు. సామాను ఎక్కిన ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఓడ మునిగిందన్న వార్త విని ఇంట్లోవాళ్ళు ఆయన కోసం కంగారు పడ్డారు. 1917 ఆగస్టు 21న ఆయన క్షేమంగా బొంబాయిలో దిగారు. పోయిన సామానుకు పరిహారంగా వచ్చిన 600 రూపాయలే బరోడా ప్రయాణానికి ఆదుకున్నాయి. నాలుగేళ్ళు పరాయి దేశాల్లో ఉండి వచ్చిన మనిషి చేతిలో మిగిలింది చదువు ఒక్కటే.

బరోడాలో ఏం జరిగిందో ఆయనే తర్వాత 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే జ్ఞాపకాల్లో రాసుకున్నారు. విదేశాల్లో గడిపిన ఆ ఏళ్ళలో తాను అంటరానివాడినన్న స్పృహే మనసులోంచి చెరిగిపోయిందని, బరోడా స్టేషన్‌లో దిగగానే అది తిరిగి వచ్చిందని అందులో చెప్పారు. స్టేషన్‌లో ఆయన ముందు నిలిచిన ప్రశ్న చాలా చిన్నది. ఎక్కడ ఉండాలి? ఎవరు ఉండనిస్తారు?

హిందువుల హోటళ్ళలో చోటు దొరకదని తెలుసు. ఒక పార్సీ సత్రం ఉందని విని వెళ్ళారు. అది పార్సీలకు మాత్రమే. సత్రం చూసుకునే మనిషితో మాట్లాడుకుని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి, పార్సీ పేరుతో పుస్తకంలో రాయించుకుని ఉన్నారు. సత్రంలో ఇంకెవరూ లేరు. రాత్రిళ్ళు చిన్న లాంతరు వెలుతురులో ఆ పాత సామాన్ల గదిలో ఒంటరిగా గడిపారు. పదకొండవ రోజు ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుండగా పదీ పన్నెండు మంది పార్సీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చేయాలని బెదిరించి వెళ్ళారు. ఆయన ఇద్దరు స్నేహితులను అడిగి చూశారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. నిన్ను ఇంట్లో పెట్టుకుంటే పనివాళ్ళు మానేస్తారని ఒకరు అన్నారు. రెండో ఆయన, ఇంట్లో భార్యను అడగాలన్నారు, ఆ మాటలో అర్థం ఈయనకు తెలిసిపోయింది. బొంబాయి రైలు వచ్చేదాకా కామాటీ బాగ్ తోటలో అయిదు గంటలు కూర్చుని ఏడ్చారు.

మిత్రులారా, ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బరోడాలో కొలంబియా ఎం.ఏ. పట్టా చూపించమని ఆయన్ను ఎవరూ అడగలేదు. నువ్వు ఎవరివి అని మాత్రమే అడిగారు. చదివితే అన్నీ అవే సర్దుకుంటాయని మనకు చిన్నప్పటినుంచి చెబుతారు. చదువు మనల్ని మార్చినంత తొందరగా ఊరిని మార్చదని 1917 నాటి ఈ ఉదంతం చెబుతుంది. ఇది తెలియకుండా ఇంటికి వచ్చినవాడు మొదటి దెబ్బకే కుంగిపోతాడు. తెలిసి వచ్చినవాడు కాలు నిలదొక్కుకుంటాడు.

లివింగ్‌స్టన్ హాల్ స్నేహం

కర్రలు పట్టుకుని వచ్చినవాళ్ళు పార్సీలు. హాస్టల్‌లో స్నేహం చేసిన నవల్ భథేనా కూడా పార్సీయే. మతం ఒకటే, సంప్రదాయం ఒకటే. తేడా ఏమిటంటే నవల్ అంబేద్కర్‌తో ఒకే కప్పు కింద ఉన్నారు, కలిసి తిన్నారు, పరీక్షలకు చదువుతుండగా చూశారు. సత్రంలోకి వచ్చినవాళ్ళు ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు విన్నది కులం పేరు ఒక్కటే. కలిసి బతకడం అనే చదువు ఏ క్లాసులోనూ చెప్పరు, హాస్టల్‌లోనే వస్తుంది.

బొంబాయి వచ్చిన అంబేద్కర్ 1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో ప్రొఫెసర్‌గా చేరారు. జీతంలో మిగుల్చుకుంటూ, ఆగిపోయిన లండన్ చదువు గురించే ఆలోచించారు. 1920 జులైలో మళ్ళీ బయలుదేరారు. సొంతంగా దాచుకున్న డబ్బు కొంత, కొల్హాపూర్ సాహూ మహారాజు సాయం కొంత. ఇవి కాక నవల్ భథేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చారు. ఆనాడు అయిదు వేలంటే ఎంత పెద్ద మొత్తమో ఆలోచించండి. లండన్‌లో డబ్బు కరువైనప్పుడు కూడా అంబేద్కర్ ఉత్తరం రాసింది నవల్‌కే. న్యూయార్క్‌లో వీడ్కోలు చెప్పుకున్న స్నేహం అక్కడితో తెగిపోలేదు. సగంలో ఆగిన చదువును అదే పూర్తి చేయించింది.

1923లో అంబేద్కర్ బారిస్టర్‌గా రెండోసారి ఇంటికి వచ్చారు. మొదటి రాకకు, రెండో రాకకు చాలా తేడా ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఇంకొకరి కొలువుకు, ఇంకొకరి గదికి వచ్చారు. గది పోగానే కొలువు కూడా నిలవలేదు. రెండోసారి ఎవరూ వెళ్ళగొట్టలేని స్వతంత్ర వృత్తితో వచ్చారు. వచ్చిన మరుసటి ఏడాది, 1924 జులైలో, బహిష్కృత హితకారిణీ సభ స్థాపించారు. ఆ సభ మొదట చేపట్టిన పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1925లో షోలాపూర్‌లో అణగారిన కులాల హైస్కూలు పిల్లల కోసం ఒక హాస్టల్ తెరవడం. న్యూయార్క్ హాస్టల్‌లో ఉన్న మనిషి, బరోడాలో గది దొరకని మనిషి, ఇంటికి వచ్చి పిల్లలకు గదులు కట్టించే పని మొదలుపెట్టారు. మన హాస్టల్ గోడ మీద ఆయన ఫొటో ఎందుకు ఉందో మాకు ఈ సంగతి చదివాకే పూర్తిగా అర్థమైంది.

మన పొలాల గట్ల మీదుగా వెళ్ళి వచ్చినవాళ్ళు

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. పత్తి, మిరప పండే మన ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి కూడా వంద ఏళ్ళ కిందటే సీమకు వెళ్ళి చదువుకుని తిరిగి వచ్చినవాళ్ళు ఉన్నారు.

టంగుటూరి ప్రకాశం పంతులు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. నేటి మాటల్లో చెప్పాలంటే మెస్ నడిపింది. ఆ మెస్ అన్నం తిని పెరిగిన కుర్రవాడు 1904లో లండన్ వెళ్ళి, 1907లో బారిస్టర్‌గా తిరిగి వచ్చి మద్రాసులో పేరు, డబ్బు బాగా సంపాదించారు. తర్వాత ఆ సంపాదన వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

రెండవవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టారు. స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి ఎం.ఏ. చదివారు. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్ళడం గొప్ప బలం. విదేశాల్లో ఉండగా కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో ఏర్పడిన స్నేహం వల్ల ఇద్దరూ కలిసి నందికేశ్వరుని 'అభినయ దర్పణం' ఇంగ్లీషులోకి అనువదించారు. దాన్ని 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది. అంత చదివి తిరిగి వచ్చిన గోపాలకృష్ణయ్య రాజమండ్రిలో, బందరు జాతీయ కళాశాలలో కొంతకాలం పనిచేశారు గానీ ఉద్యోగాల్లో ఇమడలేదు. చివరికి చీరాల చేరారు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీ చేసి పన్నులు విపరీతంగా పెంచినప్పుడు, 1921లో ఆయన మాట మీద వేలాది జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ అనే పందిళ్ళ ఊరు కట్టుకున్నారు. అక్కడ సుమారు 11 నెలలు ఉన్నారు. ఆ పోరాటంలో ఆయన ఏడాది జైలుకు వెళ్ళారు. 1928 జూన్ 10న క్షయతో చనిపోయినప్పుడు ఆయన వయసు 39 ఏళ్ళే.

మూడవవారు నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.జి.రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి వచ్చి మద్రాసులో పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. తర్వాత సొంత ఊళ్ళోనే రైతు కార్యకర్తలకు రాజకీయ పాఠశాల పెట్టారు. ఆక్స్‌ఫర్డ్ చదువును నిడుబ్రోలుకు తెచ్చారన్నమాట.

ఈ ముగ్గురి పేర్లూ గర్వంగా చెప్పుకుంటూనే ఒక తేడా కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో సముద్రం దాటడం తప్పని శాస్త్రం చెప్పేవారు. 1888లో గాంధీ ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయన కులం వాళ్ళు వెలి వేశారు. 1891లో తిరిగి వచ్చాక నాసిక్‌లో నదీస్నానం చేయించి కొందరు మళ్ళీ కలుపుకున్నారు. సముద్రం దాటిన మైలకు ఒక మునకతో ప్రాయశ్చిత్తం ఉంది. అంబేద్కర్‌కు అంటగట్టిన మైలకు ఏ నదిలోనూ ప్రాయశ్చిత్తం లేదు. ప్రకాశం గారికి, గోపాలకృష్ణయ్య గారికి, రంగా గారికి వచ్చిన కష్టాలు చిన్నవి కావు. కానీ తలదాచుకునే గది కోసం పేరు మార్చుకోవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. ఈ మాట వాళ్ళను తక్కువ చేయడానికి అనడం లేదు. ఒకే ఓడ దిగిన ఇద్దరికి రెండు రేవులు ఉంటాయని గుర్తు పెట్టుకోవడానికి అంటున్నాం.

కేరళ దళిత కుటుంబంలో పుట్టిన కె.ఆర్.నారాయణన్ కూడా టాటా స్కాలర్‌షిప్‌తో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివారు. 1948లో తిరిగి వస్తూ, తన గురువు హెరాల్డ్ లాస్కీ నెహ్రూకు రాసిచ్చిన ఉత్తరం తెచ్చుకున్నారు. దానితో విదేశాంగ శాఖలో చేరి, 1997లో రాష్ట్రపతి అయ్యారు. అంబేద్కర్‌కు స్నేహితుడి అప్పు, నారాయణన్‌కు గురువు ఉత్తరం. ఇంటికి వచ్చేవాడి వెనక ఒక మనిషి ఉండాలి.

ఇప్పటి సంగతి

నేడు వెళ్ళే దారులు అప్పటికంటే ఎక్కువే. ఎస్సీ విద్యార్థుల కోసం కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకాన్ని 1954-55 నుంచి నడుపుతోంది. కుటుంబ ఆదాయానికి, వయసుకు, డిగ్రీ మార్కులకు పరిమితులు ఉంటాయి. దేశం మొత్తానికి సీట్లు వందల్లోనే ఉంటాయి కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి మొదలైంది. తర్వాత దాని పేరు, షరతులు, మొత్తం మారుతూ వచ్చాయి. కనుక ఎవరో చెప్పింది నమ్మకుండా ఆ ఏటి నోటిఫికేషన్ మీరే చదవండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, మార్కుల లిస్టులు, పాస్‌పోర్టు డిగ్రీ రెండో ఏడు నుంచే సిద్ధం చేసుకోండి. టెన్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఇప్పుడే సరి చేయించుకోండి. మన ఇళ్ళలో చాలా దరఖాస్తులు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోతాయి.

స్కాలర్‌షిప్‌తో వెళ్ళినవాడికి, అప్పుతో వెళ్ళినవాడికి రావడంలో తేడా ఉంది. అరెకరం తాకట్టు పెట్టి, బ్యాంకు లోనుతో వెళ్ళినవాడు రావాలనుకున్నా రాలేడు. లోను తీరేదాకా అతని రాక అతని చేతిలో ఉండదు. వెళ్ళేముందు ఎంత ఖర్చవుతుందని అందరూ లెక్క వేస్తారు. తిరిగి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందన్న లెక్క కూడా వేయాలి.

మన హాస్టల్‌లోనే చదివిన ఒక సీనియర్ అన్న ఇంగ్లండులో మాస్టర్స్ చేసి రెండున్నరేళ్ళకు తిరిగి వచ్చాడు. వాళ్ళ అమ్మ గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. అక్కడ ఒక ఇంట్లో అయిదుగురు ఉండేవారట. ఒక తమిళ అబ్బాయి, ఇద్దరు నైజీరియా వాళ్ళు, మన పక్క మండలం నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు కొడుకు, అన్న. రాత్రి గోడౌన్ డ్యూటీ దిగి వచ్చి ఒకే గిన్నెలో అన్నం కలుపుకుని తినేవారు. వచ్చేరోజు నలుగురూ విమానాశ్రయం దాకా వచ్చి ఏడ్చారట.

వచ్చాక అన్నకు మన దగ్గరి పట్టణంలో ఉద్యోగం దొరికింది. ఇల్లు దొరకలేదు. మొదటి ఇంట్లో ఇంటిపేరు అడిగారు. రెండో ఇంట్లో ఊరు అడిగి, ఊళ్ళో ఏ వైపు అని అడిగారు. మూడో ఇంట్లో సూటిగా "మీరేమిట్లు?" అనే అడిగారు. ఇంగ్లండులో కలిసి ఉన్న రైతు కొడుకు కూడా అప్పటికి వచ్చేశాడు. ఆ పట్టణంలో వాళ్ళ మేడ ఉంది, పైభాగం ఖాళీ. అన్న ఫోన్ చేస్తే "నాన్నగారిని అడిగి చెప్తా" అన్నాడు. ఇప్పటికీ చెప్పలేదు. ఆ రాత్రి అన్న బస్టాండ్ బెంచీ మీద కూర్చుని మన హాస్టల్ బ్యాచ్‌మేట్‌కు ఫోన్ చేశాడు. ఆ బ్యాచ్‌మేట్ ఒక షాపులో లెక్కలు రాసే గుమాస్తా. ఒక్కటే గది. "బస్టాండ్‌లోనే ఉండు, బండి మీద వస్తున్నా" అని ఇంకేమీ అడగకుండా పెట్టేశాడట. ఆ గదిలో అన్న నాలుగు నెలలు ఉన్నాడు.

ఈ కథ విన్న రోజు మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. బరోడా కథ వంద ఏళ్ళు దాటినా పూర్తిగా పాతబడలేదు. అలాగని ఇంగ్లండు స్నేహం అబద్ధమని అన్న అనలేదు. "అక్కడ వాడు నిజంగానే నా స్నేహితుడు. ఇక్కడ వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్నాడు" అన్నాడు. ఆ మాటలో కోపం కంటే జాలి ఎక్కువ ఉంది. కలిసి తిన్న ప్రతివాడూ నవల్ భథేనా కాడు. కానీ ఒక్కడున్నా చాలు, మనిషి నిలబడతాడు.

వీడ్కోలు ఎలా చెప్పుకోవాలి?

వీడ్కోలంటే ఏడవడం, ఫొటోలు దిగడం, ఫోన్లో గ్రూపు పెట్టడం అనుకుంటాం. గ్రూపులో మూడు నెలలు గుడ్ మార్నింగులు వస్తాయి, తర్వాత ఆగిపోతాయి. పైన చెప్పిన స్నేహాలు చూస్తే నిలబడిన ప్రతి స్నేహమూ ఒక పని మీద నిలబడింది. నవల్ చదువుకు అప్పు ఇచ్చారు. కుమారస్వామి, గోపాలకృష్ణయ్య కలిసి పుస్తకం రాశారు. గుమాస్తా స్నేహితుడు గదిలో సగం ఇచ్చాడు. కాబట్టి మేము కొన్ని మాటలు ప్రతిపాదిస్తున్నాం.

ఒకటి. ఈ ఏడాది నుంచి హాస్టల్‌లో పూర్వ విద్యార్థుల రిజిస్టర్ ఒకటి పెడదాం. పేరు, చదువు, ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు, ఆ ఊరికి కొత్తగా వచ్చిన తమ్ముడిని వారం రోజులు గదిలో ఉండనివ్వగలరా అన్న నాలుగు గడులు చాలు. చివరి గడిలో అవును అని రాసినవాడు మన నవల్ భథేనా.

రెండు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఏటా కొంత డబ్బు వేస్తే పరీక్ష ఫీజులకు, దరఖాస్తు ఫీజులకు, పాస్‌పోర్టు ఖర్చుకు అప్పుగా ఇవ్వవచ్చు. దానంగా వద్దు, అప్పుగానే ఇద్దాం. తీసుకున్నవాడు తలెత్తుకుని తిరిగి ఇస్తాడు, అది ఇంకొకడికి వెళుతుంది.

మూడు. ఊరికి వెళ్ళిన ప్రతివాడూ మొదటి వారంలోనే ఒక పని పట్టుకోవాలి. అయిదుగురు పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పడం కావచ్చు, ఆరో తరగతిలో చేరవలసిన పిల్లవాడి దరఖాస్తు నింపి హాస్టల్‌కు తీసుకురావడం కావచ్చు. చేతిలో పని ఉన్నవాడికి ఊరు గీసిన గీత కొంచెం దూరం జరుగుతుంది. ఖాళీగా ఉంటే అదే గీత మెడకు చుట్టుకుంటుంది.

నాలుగు. ఇంటికి వెళ్ళి అమ్మానాన్నల మీద విసుక్కోవద్దు. ఎవరో "ఒరే" అని పిలిస్తే పలికినందుకు నాన్న మీద కోపం తెచ్చుకోవద్దు. ఆ పిలుపుకు పలికి తెచ్చిన కూలితోనే మన ట్రంకు పెట్టె కొన్నారు. ఆ పిలుపు ఆపించే పని మనది.

మా బ్యాచ్‌లో ఇప్పుడు ఇద్దరం పీజీ చదువుతున్నాం, ఒకడు కానిస్టేబుల్ సెలక్షన్లకు పరిగెడుతున్నాడు, ముగ్గురు హైదరాబాద్‌లో ఉన్నారు, ఒకడు ఊళ్ళోనే కౌలుకు మిరప వేశాడు. ఈ ఏడాది మాలో ఒకడు ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెడుతున్నాడు. సీటు వస్తే వాడిని విమానం ఎక్కించడానికి అందరం వెళ్ళాలని అనుకున్నాం. మిరప వేసినవాడు మాత్రం ఒక మాట అన్నాడు. "ఎక్కించడానికి నేను రాలేను, కోతలుంటాయి. దింపుకోవడానికి వస్తాలే. వాడు వచ్చేరోజు ముందే చెప్పమనండి."

ఆరోజు వాడు ఏ గదికి వెళ్ళాలో వెతుక్కోనవసరం లేకుండా చూసుకునే బాధ్యత మనందరిది.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
పూర్వ విద్యార్థుల తరఫున ఒక ఎం.ఏ. విద్యార్థి